గుంటూరు కొత్తపేటలో 350 రూపాయల సీబీపీ: ఫ్లూ ముదురుతుందో లేదో ముందే తెలుస్తుందా? నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, 5కి 4 స్టార్లు. గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులు వరసగా ఉండే రోడ్డు పక్కన ఒక సందులో ఉంటుంది ఈ ల్యాబ్, చిన్నదే, కింద మెడికల్ షాపు, పైన వీళ్ళు. మేం బ్రాడీపేటలో ఉంటాం కాబట్టి ఇంటికే వచ్చి బ్లడ్ తీస్కెళ్తారు. పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను రాసేదాంట్లో ఎక్కువ భాగం అక్కడ చేసే సీబీపీ టెస్ట్ (రక్తంలో కణాలన్నీ లెక్కపెట్టే టెస్ట్) గురించి, అది మీరు ఏ ఊళ్ళో ఏ ల్యాబ్‌కి వెళ్ళినా పనికొస్తుంది. ఫ్లూ, కోవిడ్, ఇలా ఊపిరితిత్తుల మీదకొచ్చే వైరస్ జ్వరాల్లో ఎవరికి మామూలుగా తగ్గిపోతుంది, ఎవరికి ముదిరే అవకాశం ఉంది అనేది ఈ ఒక్క టెస్ట్ చూసి కొంతవరకు పసిగట్టొచ్చు, కాకపోతే రిపోర్ట్‌లో మనం ఎప్పుడూ చూసే ప్లేట్‌లెట్ల లైన్ కాకుండా లింఫోసైట్ల (ఒక రకం తెల్ల కణాల) లైన్ చూడాలి. ఆ లైన్ గురించే ఇదంతా.

మన దగ్గర జ్వరం రాగానే సీబీపీ చేయిస్తాం, రిపోర్ట్ రాగానే కళ్ళు తిన్నగా ప్లేట్‌లెట్ల మీదకి పోతాయి. లక్షన్నర పైన ఉంటే అమ్మయ్య, తక్కువుంటే బొప్పాయి ఆకు రసం మొదలు. డెంగ్యూ ప్రతి వానాకాలం మనల్ని అలా అలవాటు చేసింది, అందులో తప్పులేదు, డెంగ్యూకి ప్లేట్‌లెట్లు, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల వాటా) రెండూ చూడాల్సిందే. కానీ సంక్రాంతి టైంలో దగ్గు, ఒళ్ళు నొప్పులు, గొంతు పట్టేసి జ్వరం వస్తే అది ఎక్కువసార్లు ఫ్లూ లాంటిదే అయి ఉంటుంది, మన దేశంలో ఫ్లూ జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలప్పుడు, వానల తర్వాత ఇంకోసారి ఎక్కువవుతుంది. ఆ జ్వరంలో ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయి కదా అని రిపోర్ట్ మడిచి బీరువాలో పెట్టేస్తే అసలు విషయం అందులోనే ఉండిపోతుంది.

ముందు ల్యాబ్ సర్వీస్ సంగతి. రాత్రి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే పొద్దున్నే టెక్నీషియన్ కుర్రాడు వస్తాడు. పరగడుపున ఉండాలా అని అందరూ అడుగుతారు, సీబీపీకి అక్కర్లేదు, టిఫిన్ తిని కూడా ఇవ్వొచ్చు, ఆ మాట అతనే చెప్తాడు, లేకపోతే షుగర్ ఉన్న పెద్దవాళ్ళు అనవసరంగా ఖాళీ కడుపుతో కూర్చుంటారు. నాకు బాగా నచ్చిందేంటంటే ఊదారంగు మూత ఉన్న ట్యూబ్‌లో గీత వరకు బ్లడ్ నింపి వెంటనే దాన్ని మెల్లగా ఎనిమిది పదిసార్లు పైకీ కిందకీ తిప్పుతాడు, గబగబా కుదపడు, అలాగే వదిలేయడు. ఆ ట్యూబ్‌లో ఈడీటీఏ అని రక్తం గడ్డ కట్టకుండా ఉండే మందు ఉంటుంది, అది సరిగ్గా కలవకపోతే లోపల చిన్న చిన్న గడ్డలు కట్టి ప్లేట్‌లెట్ల లెక్క తప్పుగా తక్కువ వస్తుంది. పేరు, వయసు, టైం అక్కడే మన ముందే ట్యూబ్ మీద రాస్తాడు. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ ఇంట్లో పెద్దాయన్ని అడ్మిట్ చేయాలా వద్దా అనేది ఆ ట్యూబ్ మీద కూడా ఆధారపడినప్పుడు చిన్నవి కాదు.

ఇంకో మంచి పని చేస్తారు. బ్లడ్ తీసే ముందు "బాబాయ్ గారూ, ఈ రెండు మూడు రోజుల్లో ఎక్కడైనా ఇంజెక్షన్ ఏమైనా వేయించుకున్నారా, మాత్రలేం వాడుతున్నారు" అని అడిగి ఫారం మీద రాసుకుంటాడు. ఎందుకు అడుగుతాడో కిందకి వచ్చాక చెప్తా, ఈ ల్యాబ్‌కి నేను ఇచ్చిన నాలుగు స్టార్లలో ఒకటి ఆ ప్రశ్నకే.

ల్యాబ్‌లో ఉన్నది ఫైవ్ పార్ట్ మెషీన్. ఇది కొంచెం తెలుసుకోండి, ల్యాబ్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. త్రీ పార్ట్ మెషీన్ అయితే తెల్ల కణాల్ని మూడు గుంపులు చేస్తుంది, లింఫోసైట్లు, గ్రాన్యులోసైట్లు, మిగతావి "మిడ్" అని ఒకటి. ఫైవ్ పార్ట్ అయితే న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, మోనోసైట్లు, ఇయోసినోఫిల్స్, బేసోఫిల్స్ అని ఐదూ విడివిడిగా ఇస్తుంది. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌కి ఆ విడివిడి లెక్క కావాలి. పైగా వీళ్ళు మెషీన్ ఇచ్చిన అంకెలు ప్రింట్ కొట్టి పంపేయకుండా తేడాగా ఉన్న శాంపిల్‌కి స్లైడ్ మీద స్మియర్ వేసి, అంటే రక్తపు చుక్కని పలచగా పరిచి, పాథాలజిస్ట్ మేడమ్ మైక్రోస్కోప్‌లో చూస్తారు, రిపోర్ట్ కింద రెండు లైన్లు రాస్తారు. బాక్టీరియా కూడా తోడైందా అనే అనుమానానికి న్యూట్రోఫిల్స్‌లో టాక్సిక్ గ్రాన్యూల్స్ (ముదురు రంగు చుక్కలు) ఉన్నాయా లేదా అనేది స్మియర్‌లో కనిపించే విషయం, వైరస్ అయితే లింఫోసైట్లు కొంచెం పెద్దవిగా రియాక్టివ్‌గా కనిపించొచ్చు. 350 రూపాయలకి ఇంత చేయడం నాకు ఎక్కువే అనిపించింది.

ఇప్పుడు రిపోర్ట్. పోయిన సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు, పిల్లలకి మొదలైన దగ్గు పండగ అయ్యేసరికి అందరికీ అంటింది, మాకు తగ్గిపోయింది, నాన్నకి తగ్గలేదు. ఆయన చాలా ఏళ్ళు మిర్చి యార్డులో గుమస్తాగా చేశారు, ఆ ఘాటులో ఉన్న మనిషి కాబట్టి దగ్గు ఆయనకి కొత్త కాదు, మేం కూడా మామూలు దగ్గే అనుకునే వీలుంది. డాక్టర్ గారు ఫ్లూ టెస్ట్ తోపాటు సీబీపీ రాశారు, ఫ్లూలో 'ఏ' రకం పాజిటివ్ వచ్చింది. సీబీపీలో టోటల్ కౌంట్ 4,600, అంటే నార్మలే. ప్లేట్‌లెట్లు 1.62 లక్షలు, అదీ నార్మలే. హిమోగ్లోబిన్ బాగుంది. పైపైన చూస్తే ఏ గొడవా లేని రిపోర్ట్. కానీ న్యూట్రోఫిల్స్ 81 శాతం, లింఫోసైట్లు 13 శాతం, మోనోసైట్లు 6, ఇయోసినోఫిల్స్ సున్నా. రిపోర్ట్ వాట్సాప్‌లో రాకముందే పాథాలజిస్ట్ మేడమే ఫోన్ చేసి "లింఫోసైట్లు బాగా తగ్గాయి, ఆయన వయసుకి ఇది ఇవాళే మీ డాక్టర్ గారికి చూపించండి, రేపటిదాకా ఆగొద్దు" అన్నారు.

ఇక్కడ శాతం చూసి ఆగిపోకూడదు. శాతం అనేది వాటా మాత్రమే, పదెకరాల్లో పదమూడు శాతం వేరు, ఎకరంలో పదమూడు శాతం వేరు. అందుకే టోటల్ కౌంట్‌ని లింఫోసైట్ల శాతంతో గుణించాలి, 4,600లో 13 శాతం అంటే 598. దీన్నే ఆబ్సల్యూట్ లింఫోసైట్ కౌంట్ అంటారు, డాక్టర్లు ఏఎల్‌సీ అంటారు. పెద్దవాళ్ళలో ఇది 1,000 దాటి ఉండాలి, చాలా ల్యాబుల రేంజ్ అక్కడే మొదలవుతుంది. 598 అంటే బాగా తక్కువ. ఈ ల్యాబ్ ఆ లెక్క వాళ్ళే వేసి ప్రింట్ చేస్తారు, కొన్ని ల్యాబులు శాతం మాత్రమే ఇచ్చి వదిలేస్తాయి, అప్పుడు ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మీరే వేసుకోండి, కష్టమేం లేదు.

రెండో లెక్క ఎన్ఎల్ఆర్, అంటే న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్లతో భాగించడమే. 81ని 13తో భాగిస్తే 6.2. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో ఇది దాదాపు 1 నుంచి 3 మధ్యలో ఉంటుంది. ఒంట్లో లోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్), ఒత్తిడి, ఇన్ఫెక్షన్ పెరిగేకొద్దీ న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి, ఆ రెండూ ఎదురెదురు దారుల్లో పోతాయి కాబట్టి భాగిస్తే తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దీనికి వేరే టెస్ట్ లేదు, వేరే డబ్బులు లేవు, ఉన్న రిపోర్ట్‌లోంచే వస్తుంది. ఎన్ఎల్ఆర్ అని పేరు పెట్టి విడిగా డబ్బులు అడిగితే ఇవ్వకండి.

లింఫోసైట్లు ఎందుకు తగ్గుతాయంటే అవి వైరస్‌తో పోరాడే కణాలు, జబ్బు ఊపిరితిత్తుల్లో ఉంది కాబట్టి కొన్ని రక్తంలోంచి అక్కడికి పోతాయి, కొన్ని చచ్చిపోతాయి, ఒంట్లో వాపు రసాయనాలు ఎక్కువైతే కొత్తవి తయారవడమూ మందగిస్తుంది, పైగా జబ్బు ఒత్తిడికి మన ఒంట్లోనే కార్టిసాల్ పెరుగుతుంది, అది కూడా వీటిని తగ్గిస్తుంది. ఇయోసినోఫిల్స్ సున్నాకి పోవడం కూడా చాలావరకు ఆ ఒత్తిడి గుర్తే. నాన్నకి మామూలుగా ఎలర్జీ వల్ల ఇయోసినోఫిల్స్ ఎప్పుడూ 7, 8 శాతం ఉండేవి, పాత రిపోర్ట్‌లు ఫైల్లో ఉన్నాయి కాబట్టి డాక్టర్ గారు పక్కన పెట్టి చూసి ఆ మార్పు పట్టుకున్నారు. అందుకే చెప్తున్నా, పాత సీబీపీలు పారేయకండి, ఫోన్‌లో ఫొటో తీసి ఒక ఆల్బమ్‌లో పెట్టుకోండి, ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకె మీ దగ్గరుంటే జబ్బప్పటి అంకెకి విలువ రెట్టింపు.

ఇదంతా ఒక ల్యాబ్ మేడమ్ చెప్పిన మాట కాదు, 2020 మొదట్లో కోవిడ్ మీద చైనాలోని వుహాన్ నుంచి వచ్చిన మొదటి రిపోర్ట్‌లలో ఒకదాంట్లోనే, ఆసుపత్రిలో చేరిన 41 మందిలో 26 మందికి లింఫోసైట్లు 1,000 కంటే తక్కువున్నాయి, అంటే 63 శాతం. తర్వాత చైనాలో 1,099 మంది మీద చేసిన పెద్ద స్టడీలో చేరేటప్పటికే 83.2 శాతం మందికి తక్కువున్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఆ రెండో స్టడీలో 1,500 కంటే తక్కువైతే తక్కువ అని లెక్కేశారు, అందుకే అంతమంది వచ్చారు. అంటే కొంచెం తగ్గడం అనేది దాదాపు అందరికీ జరుగుతుంది, దాన్ని చూసి భయపడక్కర్లేదు, ఎంత లోతుకి పడింది, పడి లేచిందా లేక పడుతూనే ఉందా అనేదే ముఖ్యం. ఎన్ఎల్ఆర్‌కి కూడా 2020లో ఒక చైనా స్టడీ 3.13 దాటితే, వయసు 50 దాటితే జాగ్రత్త అంది, ఇంకోటి 3.3 అంది. చిన్న స్టడీలు అవి, అందరికీ ఒకటే గీత అంటూ ఏమీ లేదు. 3.2 వచ్చిందని 30 ఏళ్ళ కుర్రాడు ఆసుపత్రికి పరిగెత్తక్కర్లేదు, 6 వచ్చిన 70 ఏళ్ళ షుగర్ పేషెంట్‌ని ఇంట్లో ఆవిరి పట్టిస్తూ కూర్చోబెట్టకూడదు.

కోవిడ్ రాకముందు నుంచే డాక్టర్లకి ఇది తెలుసు. వైరల్ న్యుమోనియాలో ప్రాణాపాయం అంచనా వేయడానికి 2019లో మల్‌బీఎస్‌టీఏ అనే స్కోర్ వచ్చింది, దాంట్లో ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో ఎన్ని భాగాల్లో (లోబ్‌లలో) మచ్చలున్నాయి, లింఫోసైట్లు 800 లేదా అంతకంటే తక్కువా, బాక్టీరియా తోడైందా, పొగ అలవాటు, బీపీ, వయసు 60 దాటిందా, ఇవీ ఆరు ప్రశ్నలు. చూడండి, ఆరింటిలో ఒకటి మన 350 రూపాయల రిపోర్ట్‌లో ఉంది, మిగతా ఐదూ వేరే చోట ఉన్నాయి. నేను ఈ టెస్ట్‌కి ఐదో స్టార్ ఇవ్వకపోవడానికి కారణాల్లో అదొకటి. కోవిడ్‌కి బ్రిటన్‌లో తయారైన 4సీ అనే స్కోర్‌లోనైతే రక్తకణాల లెక్క అసలు లేనేలేదు, వయసు, ఆడా మగా, ఉన్న జబ్బులు, ఊపిరి వేగం, ఆక్సిజన్, తెలివిగా ఉన్నారా లేదా, యూరియా, సీఆర్‌పీ (ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష), ఈ ఎనిమిదే. అంటే సీబీపీ పనికిరాదని కాదు, మనిషి ఊపిరి, ఆక్సిజన్, వయసు చెప్పేదాని ముందు అది రెండో వరసలో నిలబడాలి.

ఆర్‌డీడబ్ల్యూ అని ఇంకో లైన్ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. ఎర్ర కణాల సైజుల్లో తేడా ఎంత ఉందో చెప్పే అంకె అది. 2020లో బోస్టన్ ఆసుపత్రుల్లో 1,641 మంది కోవిడ్ పేషెంట్లని చూస్తే, చేరేటప్పుడు ఇది 14.5 శాతం దాటిన వాళ్ళలో 31 శాతం మంది చనిపోయారు, దాటని వాళ్ళలో 11 శాతం. వినడానికి భయంగా ఉంటుంది కానీ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఐరన్ తక్కువై ఆర్‌డీడబ్ల్యూ ఏడాది పొడవునా 16, 17 ఉండటం చాలా మామూలు. కాబట్టి అమ్మకో అక్కకో ఈ అంకె ఎర్ర ఇంకుతో వస్తే ముందు రక్తహీనత సంగతి చూడండి. నాన్నది 15.1 వచ్చింది, డాక్టర్ గారు దాని మీద పెద్దగా ఆగలేదు.

అసలు అడ్మిషన్ దేన్నిబట్టి నిర్ణయించారో చెప్తే మీకు టెస్ట్ స్థానం అర్థమవుతుంది. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 95 ఉంది. లింఫోసైట్ల లెక్క చూశాక డాక్టర్ గారు ఆయన్ని కారిడార్‌లో కాసేపు నడిపించి మళ్ళీ పెట్టించారు, 91కి పడింది. ఆ నడిపించి చూడటమే మొత్తం మార్చింది, ఆ నడిపించాలనే ఆలోచన సీబీపీ వల్ల వచ్చింది. వయసు, నడిస్తే పడే ఆక్సిజన్, 598, మూడూ కలిపి చూసి చేర్చుకున్నారు, ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు అప్పటికే మొదలుపెట్టారు. ఆ మందు గురించి గుర్తుపెట్టుకోండి, లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తే బాగా పనిచేస్తుంది, కాబట్టి పెద్దవాళ్ళకి, గర్భిణులకి, ఉబ్బసం షుగర్ ఉన్నవాళ్ళకి ఫ్లూ అని డాక్టర్‌కి అనుమానం ఉంటే సీబీపీ రిపోర్ట్ కోసం ఆ మందు ఆపకూడదు. తర్వాత తిరగబెట్టి చేసిన సీబీపీలో టోటల్ 5,800, లింఫోసైట్లు 21 శాతం, అంటే 1,218కి ఎక్కాయి, ఎన్ఎల్ఆర్ 3.3కి దిగింది, ఇయోసినోఫిల్స్ 2 శాతం కనిపించాయి. ఇయోసినోఫిల్స్ తిరిగి రావడం చూసి ఆ డ్యూటీ డాక్టరమ్మాయి నవ్వింది, మాకు అప్పటికి సగం ప్రాణం వచ్చింది.

ఇప్పుడు ఇంజెక్షన్ ప్రశ్న. మా పిన్నికి పొన్నూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో జ్వరం దగ్గు అనగానే ఒకాయన సూది వేశాడు, అందులో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉందని తర్వాత చీటీ చూస్తే తెలిసింది. మర్నాడు చేసిన సీబీపీలో టోటల్ 14,000, న్యూట్రోఫిల్స్ 88 శాతం, లింఫోసైట్లు 8. ఈ అంకెలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది, ఎన్ఎల్ఆర్ 11. కానీ స్టెరాయిడ్ పడితే కొన్ని గంటల్లోనే రక్తనాళాల గోడలకి అతుక్కుని ఉన్న న్యూట్రోఫిల్స్ రక్తంలోకి వచ్చేస్తాయి, లింఫోసైట్లు, ఇయోసినోఫిల్స్ తగ్గిపోతాయి, సరిగ్గా జబ్బు ముదిరినప్పుడు కనిపించే బొమ్మే కనిపిస్తుంది. ఫారం మీద "డెక్సా, నిన్న" అని రాసి ఉండబట్టి డాక్టర్ గారు కంగారుపడలేదు, ఊపిరి, ఆక్సిజన్ చూశారు, బాగున్నాయి, ఎక్స్‌రే బాగుంది, పిన్ని ఇంట్లోనే కోలుకుంది. ఆ ఒక్క మాట ఫారం మీద లేకపోతే స్కాన్‌లు, పెద్ద యాంటీబయాటిక్‌లు అన్నీ అయిపోయేవి. ఉబ్బసానికి ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడేవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ఇంకో సంగతి, కోవిడ్‌లో డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్‌లో చేసిన రికవరీ ట్రయల్ చెప్పింది నిజమే, కానీ ఆక్సిజన్ అవసరమైన వాళ్ళకే లాభం, అవసరం లేనివాళ్ళకి లాభం కనిపించలేదు, నష్టం ఉండే వీలుందని కూడా తేలింది. ఉత్త దగ్గు జ్వరానికి ఆ సూది వేయించుకుంటే ఒంటికీ మేలు లేదు, ఉన్న ఒక్క చౌక టెస్ట్ కూడా చదవడానికి రాకుండా పోతుంది.

నచ్చనివి కూడా రాస్తాను. ఒకటి, పిల్లల రేంజ్‌లు. మా అక్క కూతురికి మూడేళ్ళు, దగ్గు జలుబుకి సీబీపీ చేయిస్తే లింఫోసైట్లు 58 శాతం అని పక్కన పెద్దక్షరాల్లో ఎక్కువ అని గుర్తు పెట్టి వచ్చింది. అక్క రాత్రంతా నిద్రపోలేదు, ఏవేవో భయంకరమైన జబ్బుల పేర్లు వెతికింది. చిన్నపిల్లలకి దాదాపు నాలుగైదేళ్ళు వచ్చేదాకా లింఫోసైట్లే న్యూట్రోఫిల్స్ కంటే ఎక్కువుంటాయి, అది వాళ్ళ నార్మల్. సాఫ్ట్‌వేర్‌లో వయసు ఎంటర్ చేసి కూడా పెద్దవాళ్ళ రేంజ్ 20 నుంచి 40 అని ప్రింట్ చేయడం చాలా తప్పు, నేను వెళ్ళి చెప్పాను, మారుస్తామన్నారు, ఇంకా మార్చలేదు. అందువల్ల పైన నేను చెప్పిన ఎన్ఎల్ఆర్ లెక్కలు చిన్నపిల్లల మీద వేయకండి, పిల్లల విషయంలో డొక్కలు ఎగరేస్తున్నారా, పాలు తాగుతున్నారా, చురుగ్గా ఉన్నారా అని చూసే పిల్లల డాక్టర్ కన్నే ముఖ్యం. ఏడ్చి ఏడ్చి ఉన్నప్పుడు తీస్తే టోటల్ కౌంట్ కూడా కొంచెం పెరిగి కనిపిస్తుంది.

రెండు, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి ఫీవర్ ప్యాకేజీ తీసుకోండి మేడమ్ అని ఒకటే పోరు. దాంట్లో వైడాల్ (టైఫాయిడ్ టెస్ట్), డీ డైమర్ (రక్తం గడ్డలు కడుతోందా చూసే టెస్ట్) అన్నీ కలిపి కట్టారు. ముక్కు కారుతూ దగ్గుతున్న మనిషికి వైడాల్ ఎందుకు, ఆ టెస్ట్ ఒక్కసారి చేస్తే టైఫాయిడ్ లేకపోయినా పాజిటివ్ రావొచ్చు, దాంతో అనవసరంగా యాంటీబయాటిక్స్ కోర్సు మొదలవుతుంది. డాక్టర్ రాస్తే సీఆర్‌పీ ఒకటి కలుపుకోండి, సీబీపీ పక్కన అది బాగా పనికొస్తుంది. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ బాగా తిరిగినప్పుడు డాక్టర్ల సంఘం ఐఎంఏ వాళ్ళే డాక్టర్లకి చెప్పారు, ఊరికే అజిత్రోమైసిన్, అమాక్సిక్లావ్ రాయొద్దు అని. టోటల్ కౌంట్ మామూలుగా లేదా తక్కువగా ఉండి, ఫ్లూ లక్షణాలు ఉంటే డాక్టర్ గారిని "యాంటీబయాటిక్ అవసరమాండీ" అని ఒక్క మాట అడగడానికి ఈ రిపోర్ట్ మీకు ధైర్యం ఇస్తుంది. మీరే ఆపేయకండి, అడగండి.

మూడోది ఈ ల్యాబ్ తప్పు కాదు, వేరే చోట జరిగింది. పక్కింటావిడకి ఒక చోట ప్లేట్‌లెట్లు 42,000 అని ఇచ్చారు, ఇల్లంతా ఏడుపులు. ఈ ల్యాబ్‌లో స్మియర్ వేసి చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి, కొంతమంది రక్తం ఈడీటీఏ తగిలితేనే అలా అవుతుంది, మెషీన్ గుంపుని ఒక్కటిగా లెక్కేస్తుంది. ఈడీటీఏకి బదులు సిట్రేట్ అనే వేరే మందు ఉండే ట్యూబ్‌లో మళ్ళీ తీసి చేస్తే మామూలుగానే ఉన్నాయి. వైరల్ జ్వరంలో ప్లేట్‌లెట్లు నిజంగా తగ్గడమూ ఉంటుంది, అందుకే ఒంటి మీద మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం ఏమీ లేకుండా అంకె మాత్రం అడ్డంగా పడిపోతే స్మియర్ చూశారా అని తప్పకుండా అడగండి.

ఎవరు చేయించుకోవాలి అంటే, నా ఉద్దేశం, 60 దాటినవాళ్ళు, షుగర్, బీపీ, కిడ్నీ, ఉబ్బసం ఉన్నవాళ్ళు, జ్వరం మూడు రోజులు దాటినా తగ్గనివాళ్ళు, తగ్గి మళ్ళీ తిరగబెట్టినవాళ్ళు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ పిల్లాడికి మొదటిరోజు జ్వరానికి అక్కర్లేదు, మొదటిరోజే చేస్తే అంకెలు ఇంకా కదలకపోయి ఉండొచ్చు కూడా. రోజూ చేయించడమూ దండగ, డాక్టర్ చెబితే రెండు రోజులకోసారి చాలు. కీమో తీసుకుంటున్నవాళ్ళకి, రక్తకణాల జబ్బులున్నవాళ్ళకి ఈ లెక్కలేవీ వర్తించవు, వాళ్ళ డాక్టర్ మాటే. అన్నిటికంటే ముందు ఇంట్లో ఒక పల్స్ ఆక్సీమీటర్ ఉంచుకోండి. 2021 ఏప్రిల్, మే నెలల్లో మనందరం చూశాం, మాట్లాడుతూనే ఉన్న మనుషుల ఆక్సిజన్ ఎనభైల్లో ఉండేది. 94 కంటే తగ్గినా, ఊపిరి నిమిషానికి 24 దాటినా, పెదాలు నీలంగా మారినా, మనిషి మత్తుగా ఉన్నా సీబీపీ రిపోర్ట్ ఎంత బాగున్నా సరే నేరుగా ఆసుపత్రికే, ల్యాబ్‌కి కాదు.

డబ్బుల్లేక ఆగిపోయేవాళ్ళకి, సీబీపీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు, ఇక్కడ మన జీజీహెచ్ ఉంది. తెలంగాణలో ఉన్నవాళ్ళకి తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఉంది, 2018లో నారాయణగూడలో పెద్ద ల్యాబ్‌తో మొదలైంది, బస్తీ దవాఖానలో బ్లడ్ ఇస్తే అక్కడికి పంపుతారు, రిపోర్ట్ ఫోన్‌కి వస్తుంది. లెక్క వేసుకునే పద్ధతి ఎక్కడైనా ఒకటే.

ఈ ల్యాబ్ వివరాలకొస్తే, సీబీపీ 350, ఇంటికొస్తే ఇంకో 100, పెద్దవాళ్ళు మంచం మీద ఉంటే ఆ వంద తీసుకోరు. పొద్దున తీస్తే మధ్యాహ్నానికి రిపోర్ట్ వాట్సాప్‌లో వస్తుంది, సీరియస్‌గా ఉంటే ముందే ఫోన్ వస్తుంది. పాత రిపోర్ట్ అడిగితే కంప్యూటర్‌లోంచి తీసిస్తారు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట వరకే తెరిచి ఉంటుంది, పాథాలజిస్ట్ మేడమ్ ఆదివారం రారు కాబట్టి స్మియర్ చూడాల్సిన కేసు అయితే శనివారమే ఇచ్చేయండి.